కుట్లు విప్పే మనిషి

మొదటిసారి వచ్చినప్పుడు ఆమె చంకలో ఒక కిటికీ తెర ఉంది.
నేతమిల్లు క్యాంటీన్‌ది, ఆవపువ్వు రంగు, ఓ మూల టీ మరక.
"దీంట్లో గౌను రావాలి. ఎల్లుండి టీవీలో పాడాలి."
మా ఊచ్ నగరంలో ఆ చలికాలం
రొట్టెకీ బొగ్గుకీ కూపన్లు,
తెర ఎక్కడిదని నేను అడగలేదు.
పేరు బోగ్నా. ఇరవై ఒకటి. నడుము యాభై తొమ్మిది.
నా కొలతల పుస్తకంలో పెన్సిలుతో రాసింది ఇంకా చెరగలేదు.

మెడ కింద బెత్తెడు ఎక్కువ కత్తిరించాను.
విప్లవమూ కాదు, వెటకారమూ కాదు,
గుడ్డ చాలలేదు.
వార్సా నుంచి ఎవరో అధికారి ఫోన్ చేసి
కెమెరా గడ్డం కిందికి దిగకూడదన్నాడు.
దేశమంతా మూడు నిమిషాలు ఒక గడ్డాన్ని చూసింది.
చూడని ఆ బెత్తెడు గురించి
పదేళ్లు మాట్లాడుకుంది.

తర్వాత గుండు.
పోయిన మా ఆయన పెళ్లి సూటు అడిగింది, భుజాలు దింపి ఇచ్చాను.
అది తొడుక్కుని మోకాళ్ల మీద కూర్చుని
తాను వద్దనుకున్న బిడ్డ గురించి పాడింది,
ఆస్పత్రి గోడ రంగుతో సహా.
ఆదివారం ఫాదర్ పేరెత్తకుండా తిట్టారు.
పేరెత్తకపోయినా
చర్చిలో తలలన్నీ నా వైపు తిరిగాయి.

ఒక ఏడు వెండి రేకులు.
ఒక ఏడు బూడిదరంగు ఉన్ని, పాదాల దాకా.
భక్తి ముదిరిందన్నారు.
మరుసటి ఏడు ఆ ఉన్నినే మోకాళ్ల పైకి కత్తిరించమంది.
సిగ్గు పోయిందన్నారు.
పత్రికలు ఊసరవెల్లి అని రాశాయి.
ఊసరవెల్లికి దర్జీ అక్కర్లేదు.

కొత్త అవతారమని వాళ్లు చప్పట్లు కొట్టే చోట
నాకు గుర్తొచ్చేది విప్పడమే.
రాత్రంతా బ్లేడు కొసతో
పాత కుట్టుని ఒక్కొక్క పోగూ తెంపి లాగడం,
ఒళ్లో దారపు ముక్కలు, కళ్లలో నీళ్లు.
ఎంత ఇస్త్రీ పెట్టినా సూది బెజ్జాలు పూడవు.
దీపానికి అడ్డంగా పట్టుకుంటే
ఎక్కడెక్కడ ఏ మనిషిగా ఉందో
చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది.

మంచిదని నేననను.
దోబ్రవా అనే పిల్ల కట్టిన బాణీని తన పేరున వేసుకుంది.
కోర్టులో గెలిచి,
ఆ రాత్రి నా వంటింట్లో బీట్‌రూట్ సూప్ ముందు
అది గడ్డకట్టేదాకా కూర్చుంది.
నేనూ ఓదార్చలేదు.
నాకూ మూడు బిల్లులు బాకీ,
ఒకటైతే ఇప్పుడు చెల్లని నోట్లలో.

మొన్న మంగళవారం మళ్లీ వచ్చింది. అరవై నాలుగు.
నడుము రాయొద్దంది. రాశాను.
కుడిచెయ్యి భుజం దాటి లేవడం లేదు,
వీపు మీది జిప్పు తనంతట తాను వేసుకోలేదు.
"ఇంక చాలించమంటున్నారు. నువ్వేమంటావ్?"
నా నోట్లో గుండుసూదులు.
నలభై మూడేళ్లుగా అడగాల్సినవన్నీ
సరిగ్గా అప్పుడే అడుగుతుంది.

జిప్పు ముందుకి తెచ్చి పట్టీ కింద దాస్తానని
వేలితో గీసి చూపించాను.
"దాచకు. లావుపాటి పళ్లది వెయ్.
చిట్టచివరి వరుసలో కూర్చున్నవాడికి కూడా
అది కదిలిన చప్పుడు వినపడాలి."

పెట్టెలన్నీ వెతికాను.
అలాంటిది ఒక్కటే దొరికింది,
బెత్తెడు పొట్టి.
సూదులు తీసి అరచేతిలో పోసుకుని
"పైన మూసుకోదు మరి" అన్నాను.

అద్దంలో చూసుకుంటూ
ఆమె గడ్డం పైకెత్తింది.